పడకగది గాలి పొడిబారుతోంది, హ్యూమిడిఫైయర్ కొనాలా? (రాజాం)

చిన్నోడి అమ్మ (రాజాం)
డిసెంబరు 19, రాత్రి 9:12

నమస్కారమండీ. మా బాబుకి నాలుగేళ్ళు. చలి మొదలైన దగ్గర్నుంచి పొద్దున్న లేచేసరికి వాడి ముక్కు లోపల ఎండిపోయి పక్కులు కట్టి ఉంటోంది. వేలు పెట్టి గీరుకుంటాడు, అప్పుడప్పుడు రక్తం చుక్క కనబడుతుంది. పెదాలు పగిలాయి. మోకాళ్ళ మీద గోరుతో గీస్తే తెల్లగా గీత పడుతోంది. నాకూ తెల్లవారుజామున గొంతు ఎండిపోయి మెలకువ వచ్చేస్తోంది.

పడకగది 12 అడుగులకు 12. చలికి తలుపులు, కిటికీలు అన్నీ బిగించేస్తాం. ఈ ఏడు కొత్తగా రాడ్ హీటర్ కొన్నాం. బాబు పడుకునే ముందు వేసి, ఒక్కోసారి అర్ధరాత్రి దాకా ఉంచేస్తున్నాం. దోమలకి కాయిల్, దానికి తోడు ఫ్యాను. హైదరాబాదులో ఉన్న మా ఆడపడుచు "గాలిలో తేమ లేదు, హ్యూమిడిఫైయర్ పెట్టు" అంటోంది, గాలికి తేమనిచ్చే మిషనట. ఆన్‌లైన్లో రెండు వేల నుంచి ఎనిమిది వేల దాకా కనిపిస్తున్నాయి. మన వైపు ఎవరైనా వాడారా? ఏ రకం మంచిది? పిల్లాడి విషయం కాబట్టి టెన్షన్‌గా ఉంది.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
డిసెంబరు 19, రాత్రి 9:40

అక్కా, కొనేదాకా ఆగకుండా ఈ రాత్రికే ఒక తువ్వాలు తడిపి, నీళ్ళు కారకుండా పిండి, మంచం పక్కన కుర్చీ మీద ఆరెయ్యండి. హీటర్ మీద మాత్రం వెయ్యకండి, అంటుకుంటుంది. బకెట్‌తో నీళ్ళు పెట్టినా మంచిదంటారు. హ్యూమిడిఫైయర్ అయితే చల్లటి పొగలా వచ్చే రకం చూడండి, మా ఆఫీసులో ఉన్నది అదే.

కళింగపట్నం గాలి (కళింగపట్నం)
డిసెంబరు 19, రాత్రి 10:05

మా ఊళ్ళో ఎవరైనా గాలిలో తేమ పెంచుకుంటామంటే నమ్మరు. పుష్యమాసంలో కూడా పొద్దున్న గచ్చు మీద అడుగు పెడితే చెమ్మగా తగులుతుంది. ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే సాయంత్రానికి ముద్దకట్టేస్తుంది. బీరువా వెనక గోడకి ఏటా బూజు. రాజాం సముద్రానికి దూరమే, ఒప్పుకుంటాను. అయినా మరీ ఎండిపోయేంత దూరం కాదు కదండీ. నాకైతే మీ గదిలో గాలి కంటే హీటర్ మీదే అనుమానం.

భౌతికం మాస్టారు (విజయనగరం)
డిసెంబరు 20, ఉదయం 6:20

చిన్నోడి అమ్మగారూ, కొనే ముందు కొలవండి. హైగ్రోమీటర్ అని చిన్న డిజిటల్ డబ్బా వస్తుంది, మూడొందల నుంచి ఐదొందల రూపాయల్లో దొరుకుతుంది. ఉష్ణోగ్రత, తేమ శాతం రెండూ చూపిస్తుంది. అది లేకుండా హ్యూమిడిఫైయర్ కొనడమంటే థర్మామీటర్ పెట్టకుండా జ్వరం మాత్ర వెయ్యడమే.

ఆ శాతం ఏమిటో ఒకసారి చెబుతాను, తర్వాత మాట్లాడుకోవడానికి పనికొస్తుంది. గాలి వేడెక్కేకొద్దీ ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. ఒక ఘనపు మీటరు గాలి 0 డిగ్రీల దగ్గర పట్టుకోగలిగేది 4.8 గ్రాములు. 16 దగ్గర 13.6, 20 దగ్గర 17.3, 26 దగ్గర 24.4, 30 దగ్గర 30.4 గ్రాములు. పట్టుకోగలిగిన దానిలో ఇప్పుడు ఎంత ఉందో చెప్పేదే ఆ శాతం.

మన వైపు చలికాలపు తెల్లవారుజాము తీసుకోండి. బయట 16 డిగ్రీలు, తేమ 90 శాతం అనుకుందాం. అంటే గాలిలో సుమారు 12 గ్రాముల ఆవిరి ఉంది. మధ్యాహ్నం 27 డిగ్రీలకి వెళ్ళినప్పుడు అదే ఆవిరి 47 శాతంగా కనిపిస్తుంది. నీళ్ళెక్కడికీ పోలేదు, గాలి వేడెక్కింది, అంతే. మూసిన గదిలో మీ హీటర్ చేస్తున్నదీ ఇదే.

ఇక ఎంత ఉంటే మంచిది? ఇంటి లోపల 30 నుంచి 50 శాతం మధ్య ఉంచుకోవడం మేలని, 60 దాటనివ్వద్దని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. 60 దాటితే బూజు పెరుగుతుంది. 50 దాటిన చోట పరుపుల్లో ఉండే డస్ట్ మైట్లు, అంటే కంటికి కనపడని దుమ్ము పురుగులు బాగా వృద్ధి అవుతాయి. ఆయాసం, తుమ్ములు ఉన్న పిల్లలకి అదో పెద్ద సమస్య.

హైగ్రోమీటర్ వచ్చాక సరిగ్గా చూపిస్తోందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. సీసా మూతలో మామూలు ఉప్పు పోసి, తడి ఇసకలా అయ్యేవరకు నీటి చుక్కలు వెయ్యండి. ఉప్పు పూర్తిగా కరగకూడదు. ఆ మూతనీ మీటర్నీ గాలి చొరబడని కవరులో పెట్టి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున్నకి 75 శాతం చూపించాలి. 71 చూపిస్తే మీ మీటర్ 4 తక్కువ చూపిస్తున్నట్టు. మా తొమ్మిదో తరగతి పిల్లలతో ఏటా చేయించే ప్రయోగం ఇది. పిల్లలు వాళ్ళ ఇళ్ళలో కూడా చేసి చూపిస్తారు.

రెజిమెంట్ బాబాయి (సోంపేట)
డిసెంబరు 20, ఉదయం 8:15

పొడి గాలి సంగతి నేను చెబుతాను. సర్వీసులో లేహ్‌లో ఉన్నాను. 11 వేల అడుగుల పైన ఊరు, చలికాలం రాత్రి మైనస్ 15, 20. గదిలో బుఖారీ వెలిగించేవాళ్ళం. ఇనప పొయ్యి, దానికి పొగగొట్టం, కిరోసిన్ గానీ కట్టెలు గానీ వేస్తారు. వెలిగించిన గంటకి ముక్కు లోపల కాగితంలా అయిపోయేది. చెయ్యి తలుపు గడియకి తగిలితే చిటపట షాక్. అందుకే బుఖారీ మీద ఎప్పుడూ నీళ్ళ గిన్నె ఉండేది. మా జవాన్లలో ఒకడు బుడితి నుంచి ఇత్తడి గిన్నె తెచ్చుకున్నాడు, పొద్దున్నకి అందులో చుక్క మిగిలేది కాదు. పడుకునే ముందు ముక్కుపుటాల లోపల వాసెలిన్ రాసుకోవడం, రోజంతా గోరువెచ్చటి నీళ్ళు తాగడం. ఇవే మా మందులు.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ఏజెన్సీ వైపు, పల్లెల్లో చలికి కుంపటి గదిలో పెట్టుకుని తలుపులేసుకుంటారు. పక్కన నీళ్ళ బకెట్ పెడితే విషవాయువు నీళ్ళలోకి దిగిపోతుందని చాలామంది నమ్మకం. అది పూర్తిగా తప్పు. బొగ్గు సగం సగం కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ నీళ్ళలో దాదాపు కరగదు. దానికి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. నీళ్ళు తేమనిస్తాయి, ప్రాణం కాపాడేది మాత్రం పొగగొట్టం, తెరిచిన కిటికీ. ఇది చదివినవాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళకి ఒకసారి చెప్పండి.

వార్డు సిస్టర్ (నెల్లిమర్ల)
డిసెంబరు 20, మధ్యాహ్నం 2:30

డ్యూటీ దిగి చూస్తున్నాను. బాబాయిగారు చెప్పిన కుంపటి మాట ప్రతి చలికాలం చెప్పాల్సిందే.

అమ్మా, బాబు ముక్కు గురించి. ముక్కు ముందు భాగంలో, మధ్య గోడ మీద సన్నని రక్తనాళాలు ఒక్క చోట అల్లుకుని ఉంటాయి. పొర ఎండి పక్కు కట్టి, పిల్లాడు దాన్ని పీకితే రక్తం వచ్చేది అక్కడే. చాలావరకు భయపడేది కాదు. రక్తం వస్తే కూర్చోబెట్టి, తల ముందుకి వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని రెండు వేళ్ళతో పది నిమిషాలు వదలకుండా పట్టుకోండి. మధ్యలో తీసి చూడొద్దు. తల వెనక్కి వాల్చడం, మన ఇళ్ళలో అందరూ చేసేదే, అది వద్దు. రక్తం గొంతులోకి దిగి వాంతవుతుంది. ఇరవై నిమిషాలకీ ఆగకపోయినా, తరచుగా వస్తున్నా, ఒంటి మీద కమిలిన మచ్చలున్నా డాక్టరుకి చూపించాలి.

రోజూ చెయ్యాల్సింది: మందుల షాపులో సెలైన్ చుక్కలు దొరుకుతాయి, ఉప్పు నీళ్ళే. పడుకునే ముందు రెండు ముక్కుల్లో వెయ్యండి. గోళ్ళు కత్తిరించండి. స్నానానికి మరీ వేడి నీళ్ళు వద్దు. ఒళ్ళు తుడిచిన వెంటనే, ఇంకా చెమ్మ ఉండగానే కొబ్బరి నూనె గానీ వాసెలిన్ గానీ రాయండి. ఆరిపోయాక రాస్తే సగం ఫలితమే.

ఇప్పుడు మీ గది. కాయిల్, మూసిన కిటికీలు, ఫ్యాను, రాడ్ హీటర్. ఈ నాలుగూ చదివాక నాకు తేమ సంగతి గుర్తుకే రాలేదు. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నని రేణువులు 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉండేవాటితో సమానమని 2003లో ఒక అధ్యయనంలో తేలింది. దాన్ని తలుపులేసిన గదిలో పెట్టి పిల్లాడిని పడుకోబెడితే గొంతూ ముక్కూ మండక ఏం చేస్తాయి? కాయిల్ ఈ రాత్రే తీసెయ్యండి, దోమతెర కట్టండి. తెర ఉంటే ఫ్యాను అవసరం కూడా తగ్గుతుంది. రాత్రంతా ఒంటి మీదకి తగిలే ఫ్యాను గాలి చర్మం మీది తేమని లాగేస్తుంది. నోరు తెరిచి నిద్రపోతున్నాడేమో కూడా చూడండి. జలుబుతో ముక్కు మూసుకుపోయినా, ముక్కు వెనక అడినాయిడ్లు, అంటే టాన్సిల్స్ లాంటి మెత్తటి కండ, పెరిగినా నోటితో పీలుస్తారు. అప్పుడు ఎంత తేమ గదిలో ఉన్నా గొంతు ఎండుతుంది.

చిన్నోడి అమ్మ (రాజాం)
డిసెంబరు 20, సాయంత్రం 5:50

సిస్టర్‌గారూ, నోరు తెరిచే పడుకుంటాడండీ, గురక కూడా ఉంది. చిన్న ఆస్పత్రిలో చూపిస్తే సిరప్ రాసి పంపారు, ముక్కు లోపల చూడనే లేదు. ఈసారి ఈఎన్టీ దగ్గరకి తీసుకెళ్తాను. దోమతెర అటక మీద ఉంది, ఇప్పుడే దింపుతున్నాను. మీటర్ ఆర్డర్ పెట్టాను మాస్టారూ. మా వీధి చివర రైస్ మిల్లు ఉంది, ఈ నెలలో ఊక దుమ్ము బాగా వస్తుంది. దాని పాత్ర కూడా ఉంటుందా?

వార్డు సిస్టర్ (నెల్లిమర్ల)
డిసెంబరు 20, సాయంత్రం 6:10

కచ్చితంగా ఉంటుంది. నూర్పుల కాలంలో మా దగ్గరకి వచ్చే తుమ్ములు, దగ్గుల్లో ధాన్యం దుమ్ము వల్ల వచ్చేవే ఎక్కువ. మిల్లు నడిచే వేళల్లో అటువైపు కిటికీ మూసి, మిల్లు ఆగాక తెరవండి. చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డ పెట్టండి.

పలాస పిక్కలు (పలాస)
డిసెంబరు 21, ఉదయం 7:30

మనుషుల సంగతి సిస్టర్‌గారు చెప్పారు. మా జీడిపప్పుకి తేమ ఎంత కావాలో నేను చెబుతాను. పిక్క కొట్టి తీసిన పప్పుని బోర్మాలో ఆరబెడతాం, అంటే వేడి గాలి పెట్టె. బయటకి వచ్చేసరికి పప్పులో తేమ సుమారు 3 శాతానికి పడిపోతుంది. అప్పుడు పై పొర సులువుగా ఊడుతుంది గానీ, పప్పు మాత్రం చేత్తో గట్టిగా పడితే చాలు రెండుగా విరిగిపోతుంది. గుండు, అంటే విరగని పప్పు, బద్ద అయిందంటే ధర పడిపోయినట్టే. అందుకే తేమ గాలి తగిలేలా పెట్టి, సుమారు 5 శాతానికి వచ్చాక డబ్బాల్లో వేస్తాం. మరీ ఎక్కువ తేమ తగిలినా కష్టమే, బూజు వాసన పట్టుకుంటుంది. అందుకే మా దగ్గర తేమని కళ్ళతో అంచనా వెయ్యరు, మీటర్ పెట్టి చూస్తారు. మాస్టారు చెప్పినట్టు కొలత ముందు.

చీపురుపల్లి అమ్మమ్మ (చీపురుపల్లి)
డిసెంబరు 21, ఉదయం 11:00

బాబూ, ఈ కబుర్లన్నీ చదివాను. మా అమ్మాయి పురుడుకి వచ్చే నెల చికాగో వెళ్తున్నాను. అక్కడ ఇల్లంతా వేడి గాలి వదులుతారట, ఒళ్ళు పొడిబారిపోతుందని చెప్పింది. పసిబిడ్డ ఉండే గదికి ఏం చెయ్యాలి? మనింట్లో లాగ నువ్వుల నూనె, సాంబ్రాణి పట్టుకెళ్దామనుకుంటున్నాను. అల్లుడు ఒక మిషను కొన్నాడట, దాంట్లో కర్పూరం బామ్ వెయ్యొచ్చా?

పనస వీణ (బొబ్బిలి, ఇప్పుడు మిషిగన్)
డిసెంబరు 21, రాత్రి 8:45

అమ్మమ్మగారూ, చికాగో మాకు పక్కనే, అదే చలి. ఇక్కడ హ్యూమిడిఫైయర్ నిజంగా అవసరం. మా ఇంట్లో జనవరిలో ఏమీ పెట్టకపోతే మీటర్ 15, 18 దగ్గర ఉంటుంది. దుప్పటి తీస్తే చీకట్లో చిటపట మెరుపులు కనిపిస్తాయి. పెట్టాక 35 నుంచి 40 మధ్య ఉంచుకుంటాం.

మిషన్లు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది అల్ట్రాసోనిక్, చల్లటి పొగలా వస్తుంది, చప్పుడు ఉండదు. కానీ నీళ్ళలో ఏముందో అదంతా గాలిలోకి పంపేస్తుంది. కుళాయి నీళ్ళు పోస్తే టీవీ మీదా, బల్ల మీదా తెల్ల పొడి పేరుకుంటుంది, అది నీళ్ళలోని సున్నం. మనం పీల్చేదీ అదే. అందుకే డిస్టిల్డ్ వాటర్ వాడాలి, ఇక్కడ ప్రతి సూపర్ మార్కెట్లో గ్యాలన్ డబ్బాల్లో దొరుకుతుంది. రెండోది తడి ఒత్తి మీదుగా ఫ్యాను గాలి పంపేది. ఆవిరి మాత్రమే వస్తుంది, సున్నం ఒత్తిలోనే ఆగిపోతుంది. గది తేమగా అయ్యేకొద్దీ అదే నెమ్మదిస్తుంది, కాబట్టి అతి అవడం కష్టం. ఒత్తి మాత్రం మారుస్తుండాలి. మూడోది నీళ్ళు మరిగించి ఆవిరి వదిలేది. పిల్లలున్న ఇంట్లో అది వద్దు, ఒలికితే కాలిపోతుంది. బిడ్డ గదికి నేనైతే రెండోది పెడతాను.

ఇంకోటి, ఇక్కడ తేమ ఎక్కువైతే మీటర్ కంటే ముందు కిటికీ చెబుతుంది. అద్దం లోపలి వైపు నీళ్ళు కారుతుంటే తగ్గించాలి, లేకపోతే కిటికీ చెక్కకి బూజు పడుతుంది. బయట మైనస్ 20కి దిగిన రాత్రుల్లో మేం 25, 30 దాటనివ్వం.

భౌతికం మాస్టారు (విజయనగరం)
డిసెంబరు 21, రాత్రి 9:30

ఆ 15, 18 ఎలా వస్తుందో లెక్క కట్టి చూద్దాం. బయట మైనస్ 10 డిగ్రీలు, తేమ 80 శాతం. వినడానికి 80 చాలా ఎక్కువగానే ఉంది. కానీ మైనస్ 10 దగ్గర గాలి పట్టుకోగలిగేదే సుమారు 2.4 గ్రాములు. అంటే ఉన్నది 1.9. ఆ గాలిని 21 డిగ్రీలకి వేడి చేస్తే అది 18.3 గ్రాములు పట్టుకోగలదు. 1.9ని 18.3తో భాగించండి, 10 శాతం. వంట, స్నానాలు, ఊపిరి కలిసి దాన్ని 15, 20కి తెస్తాయి. మన రాజాంలో చలికాలపు గాలిలో అక్కడికి ఆరు రెట్లు నీళ్ళున్నాయి. ఒకే చలికాలం, రెండు చోట్లా వేరే సమస్య.

ఎంత నీరు కావాలో కూడా చూద్దాం. చిన్నోడి అమ్మగారి గదంత గది, 10 అడుగుల ఎత్తు, అంటే సుమారు 41 ఘనపు మీటర్లు. చికాగోలో దాన్ని 20 నుంచి 40 శాతానికి తేవాలంటే ఒక్కసారికి 150 గ్రాములు చాలు. కానీ సందుల్లోంచి గాలి మారుతూనే ఉంటుంది. గంటకి సగం గాలి మారితే గంటకి 75 గ్రాములు, ఎనిమిది గంటల నిద్రకి 600 గ్రాములు. లీటరు లోపే. నాగావళి గట్టు తమ్ముడు చెప్పిన తడి తువ్వాలు అర లీటరు దాకా నీళ్ళు పట్టుకుని, వెడల్పుగా ఆరుతుంది కాబట్టి ఇందులో మంచి భాగమే ఇస్తుంది. బకెట్ నీళ్ళు మాత్రం మూతి వైశాల్యం చిన్నది, కదలని నీళ్ళు, గంటకి కొద్ది గ్రాములే. దాని మీద ఆశ పెట్టుకోవద్దు. లోపల బట్టలు ఆరేస్తే ఒక వాషింగ్ మిషను లోడు నుంచి రెండు లీటర్ల దాకా గాలిలో కలుస్తుంది, చలి దేశంలో అది ఖర్చులేని హ్యూమిడిఫైయర్. మన దగ్గర అదే పని చేస్తే గోడలకి బూజు.

వార్డు సిస్టర్ (నెల్లిమర్ల)
డిసెంబరు 21, రాత్రి 10:15

అమ్మమ్మగారూ, కర్పూరం బామ్ మిషన్లో వెయ్యొద్దు, బిడ్డకి రాయొద్దు. రెండేళ్ళ లోపు పిల్లలకి కర్పూరం ప్రమాదం, మూర్ఛ రావచ్చు. సాంబ్రాణి కూడా వద్దండీ. మన పాత ఇళ్ళలో గాలి ఇటు నుంచి అటు పోయేది. అక్కడ అన్నీ బిగించిన గదులు, పొగ ఎక్కడికీ పోదు, పసిబిడ్డ ఊపిరితిత్తులు చాలా సున్నితం. నువ్వుల నూనె వద్దు అనను, కొంచెం చేతి మీద రాసి దద్దురు రాకపోతే పలచగా మర్దన చెయ్యండి. చర్మం పగిలి ఎర్రగా ఉంటే మాత్రం అక్కడి డాక్టరుని అడిగి రాయండి.

మిషన్ నీళ్ళలో ఏమీ కలపకూడదు అనే మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. దక్షిణ కొరియాలో హ్యూమిడిఫైయర్ ట్యాంకులో బూజు రాకుండా కలపమని క్రిమిసంహారక ద్రవాలు 1994 నుంచి అమ్మారు. ఒంటికి తగిలితే ఏమీ చెయ్యని మందు, పొగమంచుగా మారి ఊపిరిలోకి వెళ్ళి ఊపిరితిత్తులని గట్టిపరిచేసింది. గర్భిణులు, పసిపిల్లలు ఎక్కువగా చనిపోయారు. 2011లో కారణం బయటపడ్డాకే అమ్మకాలు ఆగాయి. సువాసన నూనెలు, డెట్టాల్, బామ్, ఏదైనా సరే, ట్యాంకులో వద్దు. నీళ్ళు రోజూ పారబోసి కొత్తవి పొయ్యాలి. మూడు రోజులకోసారి వెనిగర్ వేసి రుద్ది, బాగా కడిగి, ఆరనివ్వాలి. నిలవ నీళ్ళలో పెరిగిన క్రిముల్నే మిషన్ బిడ్డ ముఖం మీదకి ఊదుతుంది. ఉయ్యాలకి నాలుగైదు అడుగుల దూరంలో పెట్టండి.

చీపురుపల్లి అమ్మమ్మ (చీపురుపల్లి)
డిసెంబరు 22, ఉదయం 6:45

చల్లగా ఉండండి తల్లీ. సాంబ్రాణి పెట్టెలోంచి తీసేశాను. మాస్టారు చెప్పిన ఉప్పు పరీక్ష అల్లుడికి ఫోన్లో చెప్పాను, ఇవాళ చేస్తానన్నాడు.

చిన్నోడి అమ్మ (రాజాం)
డిసెంబరు 27, రాత్రి 8:30

మీటర్ వచ్చింది. ఉప్పు పరీక్షలో 74 చూపించింది. రోజూ రాసుకుంటున్నాను.

హీటర్ వెయ్యకుండా, పైన వెంటిలేటర్ తెరిచి పడుకున్న రాత్రి: తెల్లవారి 5కి 20 డిగ్రీలు, 62 శాతం. హీటర్ వేసి అన్నీ మూసిన రాత్రి 11కి: 26 డిగ్రీలు, 44 శాతం. మధ్యాహ్నం మామూలుగా 48 నుంచి 52.

కాయిల్ మానేసిన రెండో రోజు నుంచే నా గొంతు బాగుంది. బాబుకి సెలైన్ చుక్కలు, నూనె మొదలెట్టాం, పక్కులు తగ్గాయి. ఈఎన్టీ డాక్టరుగారు అడినాయిడ్లు కొంచెం పెరిగాయన్నారు, స్ప్రే రాశారు, నెలకి మళ్ళీ రమ్మన్నారు. హీటర్ ఇప్పుడు పడుకునే ముందు గది వెచ్చబడేవరకు వేసి ఆపేస్తున్నాం. బాబుకి స్వెట్టర్, సాక్సులు. మరి హ్యూమిడిఫైయర్ సంగతేంటి మాస్టారూ?

భౌతికం మాస్టారు (విజయనగరం)
డిసెంబరు 27, రాత్రి 9:05

మీ అంకెలు చక్కగా సరిపోయాయి. 20 డిగ్రీల దగ్గర 62 శాతమంటే 10.7 గ్రాములు. అదే 10.7ని 26 డిగ్రీల 24.4తో భాగిస్తే 44. హీటర్ ఒక్క చుక్క నీరు కూడా తియ్యలేదు, శాతాన్ని దించింది. అయినా మీ గది అతి తక్కువ అంకె 44, అంటే మంచి హద్దుల్లోనే ఉంది. దీని మీద ఇంకా తేమ పెడితే తెల్లారేసరికి 75 దాటుతుంది, అడినాయిడ్లున్న పిల్లాడి గదిలో బూజు, దుమ్ము పురుగులు పెంచినట్టవుతుంది. కొనకండి. ఆ డబ్బుతో కిటికీలకి దోమల మెష్ బిగించుకోండి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
డిసెంబరు 27, రాత్రి 9:20

రాత్రంతా ఏసీ వేసే అలవాటు ఉన్న ఇళ్ళకి కూడా ఇదే వర్తిస్తుందా మాస్టారూ? ఏసీ తేమ లాగేస్తుంది కదా.

భౌతికం మాస్టారు (విజయనగరం)
డిసెంబరు 27, రాత్రి 9:35

లాగుతుంది, గొట్టంలోంచి బయట కారే నీళ్ళు అవే. ఎండాకాలం 80 శాతం గాలిని 50కి తెస్తుంది, అది మనకి మేలే. గొంతు ఎండితే ఎక్కువసార్లు గాలి తిన్నగా ముఖానికి తగలడం, ఫిల్టర్ కడగకపోవడం కారణం. మీటర్ 40 కిందకి పోతే అప్పుడు మాట్లాడదాం.

పనస వీణ (బొబ్బిలి, ఇప్పుడు మిషిగన్)
డిసెంబరు 28, ఉదయం 7:10

నాదొక ప్రశ్న. మా అమ్మ నాకిచ్చిన వీణ గొల్లపల్లిలో చేయించింది, ఒకే పనస దుంగలోంచి చెక్కిన ఏకాండి. ఇక్కడ మొదటి చలికాలమే తంతుల కింద ఉండే వీణ మెట్లని పట్టి ఉంచే మైనం బిర్రబిగిసి, అంచున సన్నటి నెర్రె పడింది. అప్పట్నుంచి దాన్ని వేడి గాలి వచ్చే చోటికి దూరంగా, పెట్టెలోనే ఉంచి, గదిని 45 దగ్గర పెడుతున్నాను. ఇప్పుడు సంక్రాంతికి మూడు వారాలు ఊరొస్తున్నాం. ఇల్లు ఖాళీ. మిషన్ నడిపించి రాలేను. ఇంటి వేడి 21 నుంచి 14కి తగ్గిస్తే వీణకి మంచిదా, చెడ్డదా?

భౌతికం మాస్టారు (విజయనగరం)
డిసెంబరు 28, ఉదయం 9:00

తగ్గించడమే మంచిది, అయితే అది ఒక్కటే చాలదు. మనుషులు లేని ఇంట్లో వంటా స్నానాలూ ఉండవు, లోపలి గాలి నెమ్మదిగా బయటి గాలితో సమానమవుతుంది. అక్కడ 2.2 గ్రాములున్నాయనుకుంటే, 21 డిగ్రీల దగ్గర అది 12 శాతం, 14 డిగ్రీల దగ్గర 18 శాతం. చెక్కకి రెండూ కష్టమే. నీళ్ళ గొట్టాలు గడ్డకట్టకుండా ఉండాలి కాబట్టి 14 కంటే కిందకి దించకండి.

అసలు రక్షణ పెట్టె లోపల చెయ్యాలి. సంగీత వాయిద్యాల షాపుల్లో తేమ ఇచ్చి పుచ్చుకునే చిన్న సంచులు అమ్ముతారు, 49 శాతం దగ్గర నిలిపేవి అడగండి. మనం ఉప్పుతో 75 తెచ్చామే, సూత్రం అదే, ద్రావణం వేరు. కుండ దగ్గర రెండు, దండి దగ్గర ఒకటి, చెక్కకి నేరుగా తగలకుండా బట్ట సంచిలో పెట్టి, పెట్టె మూత అంచుకి టేపు వెయ్యండి. తంతులు కొంచెం వదులు చెయ్యండి. పెట్టెని లోపలి గోడ వైపు పెట్టండి, బయటి గోడకి ఆనించొద్దు.

వార్డు సిస్టర్ (నెల్లిమర్ల)
డిసెంబరు 28, ఉదయం 9:40

మిషన్ సంగతి కూడా మర్చిపోకమ్మా. బయల్దేరే ముందు ట్యాంకు ఖాళీ చేసి, వెనిగర్‌తో కడిగి, మూత తీసి పూర్తిగా ఆరనివ్వు. తడి ఒత్తి పారేసి, కొత్తది తిరిగి వచ్చాకే పెట్టు.

పనస వీణ (బొబ్బిలి, ఇప్పుడు మిషిగన్)
డిసెంబరు 29, ఉదయం 6:30

సంచులు మూడు తెచ్చాను, పెట్టెలో చిన్న మీటర్ కూడా వేశాను. రాత్రికి 41 నుంచి 46కి వచ్చింది. వచ్చే సోమవారం బయల్దేరుతున్నాం. నెర్రె బాగు చేయడానికి వీణని ఈసారి తేలేకపోతున్నాను గానీ, ఫొటోలు తీసుకొస్తున్నాను, గొల్లపల్లి వెళ్ళి చూపిస్తాను. అక్కడ వాళ్ళు ఏం చెప్పినా ఇక్కడ రాస్తాను.